తాతారావుగారు తిట్టడం మానేశారు

నాలుగో మంచం తాతారావుగారికి ఉప్మా పేరెత్తితే ఒళ్ళుమంట. ఆయన పుట్టి రెండేళ్ళు కూడా నిండలేదు. ఒక్క మెతుకు నోట్లో పెట్టుకున్న పాపాన పోలేదు. అయినా పొద్దున్నే ఏ అమ్మాయి మంచం దగ్గరికి వచ్చినా ఆయన మొదటి మాట అదే. “మళ్ళీ ఉప్మాయేనా? మీ ఆసుపత్రిలో ఇంకేం చెయ్యడం రాదా?” ఆ తరవాత దిండు రాయిలా ఉందనీ, ఫ్యాను చప్పుడు చేస్తోందనీ, పక్కమంచం వాడు గురకపెట్టి చంపుతున్నాడనీ వరసగా అందుకునేవారు. పక్కమంచం ఎప్పుడూ ఖాళీయే.

కాకినాడలో ప్రాక్టికల్ నర్సులని తయారుచేసే ఆ బడిలో తాతారావుగారు ఒక యంత్రం. అలా అంటే అక్కడి అమ్మాయిలకి కోపం వస్తుంది గానీ నిజం నిజమే కదా. ముడతలుపడ్డ చర్మం, ముట్టుకుంటే వెచ్చదనం, మణికట్టు పట్టుకుంటే నాడి, అన్నీ ఉన్నాయి. గోదావరి మీద లాంచీ నడిపి రిటైరైన సరంగు అని ఆయనకో గతం ఇచ్చారు. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ అయిందని ఒక జబ్బు ఇచ్చారు. ఆ జబ్బు ఏ పూట ఏ మలుపు తిరుగుతుందో, మంచం పక్కన నిలబడ్డ అమ్మాయి కనిపెట్టాలి. కొత్త చట్టం వచ్చాక ప్రాక్టికల్ నర్సు లైసెన్సుకి రాతపరీక్ష ఒక్కటే చాలదు, మంచం పరీక్ష కూడా గట్టెక్కాలి. రోగిని చూడాలి. చూసినవాటిలో ఏది ముఖ్యమో తేల్చుకోవాలి. ఏం ముంచుకొస్తోందో ఊహించాలి. ముందు చెయ్యాల్సిన పని ముందు చెయ్యాలి. చేశాక ఫలించిందో లేదో మళ్ళీ చూడాలి.

పుస్తకం అడిగితే సువార్త కళ్ళు మూసుకుని అప్పజెప్పేస్తుంది. మంచం దగ్గరికి వచ్చేసరికి ఆమెకి కాళ్ళూ చేతులూ ఆడవు. ఆ వారంలో అప్పటికే తాతారావుగారిని రెండుసార్లు చంపింది.

రెండోసారి చాలా తేలిగ్గా చంపింది. ఆయనకి ఊపిరి బరువెక్కుతోంది. “ఏం లేదమ్మా, కాస్త ఆయాసం, ఇందాక లేచి కూచున్నాను కదా” అన్నారు. సరే అనుకుని ఆమె బీపీ పట్టీ సర్దుతూ కూర్చుంది. కాళ్ళలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి ఎక్కేసింది. గంట మోగింది, తెర మీద గీత సాపు అయిపోయింది, ఆయన కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి మళ్ళీ తెరిచారు.

“చంపేశావు కదే పిల్లా! బీపీ చూశావు, నాడి చూశావు, నా మొహం చూశావా అసలు?”

సువార్త మంచం కమ్మీ పట్టుకుని ఏడ్చేసింది. “ఇదే ఆఖరిసారి తాతగారూ. పరీక్ష రెండుసార్లు తప్పాను. ఈసారి కూడా పోతే మళ్ళీ రాయనివ్వరంట. ఆసుపత్రిలో ఉద్యోగం ఇస్తామన్నారు, అది కూడా లైసెన్సు చేతికొస్తేనే.”

తాతారావుగారు ఆమెకేసి కాస్త ఎక్కువసేపే చూశారు. “ఏడవకే. ఎవరన్నా ఏడిస్తే నాకు చిరాకు” అన్నారు. ఆ మాటలో చిరాకు అంతగా లేదు.

అద్దాల గదిలోంచి ఇదంతా చూస్తున్న భార్గవి చిన్న స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చింది. తాతారావుగారిని తయారుచేసింది ఆవిడే. జిల్లాలోని ఆసుపత్రులన్నీ తిరిగి, వందల మంది ముసలివాళ్ళ మాటలూ మూలుగులూ వాళ్ళ అనుమతితో రికార్డు చేసుకొచ్చి, అవన్నీ కలిపి ఈ మనిషిని పోతపోసింది. ఆయన మణికట్టు విప్పి లోపల ఏదో బిగిస్తూ సువార్తతో మాట్లాడింది.

“ఈయనకి నిజంగా నొప్పి తెలుస్తుందా మేడం, లేకపోతే నటిస్తాడా?” అని అడిగింది సువార్త.

“మొదట్లో నటింపజేశాం. మీ సీనియర్లు వారం తిరక్కుండా కనిపెట్టేశారు. దొంగమూలుగు అని నవ్వేవాళ్ళు. అందుకని లోపల నొప్పి పెట్టాను. అది తగ్గాలని ఆయన కోరుకుంటాడు. అప్పుడుగానీ మొహం నిజంగా ముడుచుకోలేదు.”

“పాపం కదండీ?”

“నొప్పంటే లోపల ఒక అంకె, అంతే సువార్తా.” భార్గవి మణికట్టు మూసేసింది. “జబ్బు ఎంత జోరుగా ముదరాలో కూడా ఆయన ఇష్టానికే వదిలేశాను. బెదిరిపోయే పిల్లలకి నెమ్మదిగా, గట్టివాళ్ళకి జోరుగా. బండివాడి చేతిలో పగ్గాల్లాగా అనుకో. మీకు ధైర్యం పెరగాలి. ఆయనకి నేను అప్పగించిన పని అదొక్కటే.”

ఆ మాట అన్నప్పుడు భార్గవి మొహంలో గర్వం కనబడింది. గర్వపడాల్సిన పనే అని అప్పుడు సువార్త కూడా అనుకుంది.

ఇంటి దగ్గర సువార్తకి ఇంకో మంచం పరీక్ష ఉంది. ఆ పరీక్ష పేరు సంతోషమ్మ, ఆమె అత్తగారు. జగన్నాథపురం వంతెన దిగగానే పెసరట్ల బండి పెట్టుకుని ముప్ఫై ఏళ్ళుగా ఊరికి టిఫిన్ పెడుతోంది. కొడుకు యోనా పడవ మీద వేటకెళ్తే వారం పదిరోజులదాకా రాడు. బైబిల్లో చేప మింగిన యోనా పేరు పెట్టుకుని సముద్రం మీదికి వెళ్ళడం ఏమిట్రా అని చర్చిలో అందరూ ఆటపట్టించేవాళ్ళు. కొడుకు లేని ఇంట్లో సంతోషమ్మ నోటికి దొరికేది కోడలొక్కతే.

“చదువు చదువంటా పుస్తకం పట్టుకు కూచుంటే అల్లం ఎవత్తి తరుగుద్ది? రెండుసార్లు పోయింది, మూడోసారి ఏం ఊడిపడుద్దంట?” అనేది. అంటూనే అల్లం తనే తరిగేసేది. కోడలు చేసిన కూరలో ఉప్పెక్కువ, కోడలు ఉతికిన బట్టల్లో మురికెక్కువ, కోడలు నడిస్తే చప్పుడెక్కువ. సువార్తకి మొదట్లో కళ్ళనీళ్ళు వచ్చేవి, తరవాత చెవులు అలవాటుపడిపోయాయి. అయినా మనసులో ఒక మూల, ఎప్పటికైనా ఈవిడ నాతో ఒక్క మంచిమాట అనకపోతుందా అని ఆశ ఉండేది. ఆ ఆశ ఎవరికీ చెప్పుకోలేదు.

బడిలో మాత్రం ఆమె దశ తిరిగింది. రెండోసారి చంపి ఏడ్చిన ఆ రోజు నుంచి తాతారావుగారు మెత్తబడ్డారు. ఉప్మా గొడవ మానేశారు. “రామ్మా, కూచో. తిన్నావా? మీ ఆయన వేట నుంచి వచ్చాడా? ఈసారి ఏం చేపలు పడ్డాయంట?” అని అడిగేవారు. సువార్త చెబుతూ చెబుతూ నాడి చూసేది, గాయం చూసేది, కాళ్ళు కదిలించేది. జబ్బు ముదిరేది గానీ నిదానంగా ముదిరేది. ఏదైనా గుర్తు కనబడి, అది ఫలానా అని ఆమెకి తట్టేదాకా ఆగేది. మార్కులు పెరిగాయి. ఆమెకే కాదు, అందరికీ పెరిగాయి. ముసలాయనతో ప్రేమగా నాలుగు మాటలు మాట్లాడితే చాలు, ఒంట్లో నెమ్మదిస్తుంది అని అమ్మాయిలంతా తేల్చేసుకున్నారు. తోటి అమ్మాయి నాగలత అయితే ఇంటి నుంచి తెచ్చిన పూలు ఆయన దిండు పక్కన పెట్టేది. ఇన్నాళ్ళకి ఒక్కరు కూడా తప్పని బ్యాచ్ వచ్చిందని భార్గవి పైవాళ్ళకి చెప్పుకుంది.

నెల గడిచింది. మంచం పరీక్ష ఇంక పదిరోజులుందనగా ఒక సాయంత్రం సువార్త ఇంటికి వచ్చేసరికి సంతోషమ్మ బండి కట్టేసి గుమ్మంలో పీట మీద కూర్చుని ఉంది. అప్పటికే చల్లబడిన సాయంత్రం. ఆవిడ జాకెట్టు మాత్రం చెమటకి తడిసి ఉంది.

“వచ్చావా తల్లీ? తిన్నావా?” అంది.

సువార్త వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా ఉన్నారేమోనని.

“నువ్వు చదువుకోవే. అంట్లు నేను తోముకుంటాలే” అంది సంతోషమ్మ. దవడ నొక్కుకుంటూ, పన్ను సలుపుతోందనీ, మిరపకాయల ఘాటుకి కడుపులో వికారంగా ఉందనీ చెప్పి ఒక సోడా తెచ్చిపెట్టమంది. సువార్త పరుగున వెళ్ళి తెచ్చింది. ఆవిడ సగం తాగి, కోడలి తల మీద చెయ్యి వేసి నిమిరింది. “నిన్ను చాలా మాటలన్నానే. మనసులో పెట్టుకోకు” అంది.

ఆ పూట పుస్తకంలో ఒక్క ముక్క ఎక్కలేదు. పెళ్ళయిన ఐదేళ్ళకి అత్తగారింట్లో తనకంటూ ఒక చోటు దొరికిందని పొంగిపోతూ పడుకుంది. మర్నాడు బడికి బయల్దేరుతుంటే సంతోషమ్మ బండి దగ్గరినుంచి “జాగ్రత్తమ్మా” అని కూడా అంది. యోనాకి ఫోన్ కలిస్తే ముందు ఈ సంగతే చెప్పాలనుకుంది.

ఫోన్ కలవలేదు. అందుకని తాతారావుగారికి చెప్పింది. థర్మామీటరు పెడుతూ, నవ్వుతూ, అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన మొదట నవ్వారు. ఆ తరవాత నవ్వలేదు.

“ఎప్పట్నించి అలా మెత్తగా మాట్లాడుతోంది?”

“నిన్న సాయంత్రం నుంచి.”

“నిలబడి మాట్లాడిందా, కూచునా?”

“కూచుని. ఎందుకండీ?”

“చెమటలన్నావు.”

“పెనం ముందు నిలబడితే చెమటలు ఎవరికి పట్టవు తాతగారూ?”

“నువ్వెళ్ళేసరికి బండి కట్టేసింది కదే. పెనం ఆరిపోయిన తరవాత కూడా చెమటలేంటి? దవడ లాగుతోందంది. వికారమంది. పుస్తకంలో ఏం రాశారో నువ్వే చెప్పు.”

థర్మామీటరు సువార్త చేతిలోనే ఉండిపోయింది. పుస్తకంలో ఏం రాశారో ఆమెకి కామాలతో సహా వచ్చు. ఆడవాళ్ళకి గుండెపోటు వస్తే ఛాతీ పట్టుకుని పడిపోవాలని లేదు. దవడ నొప్పి, వికారం, చెమట, నీరసం, అంతే ఉండొచ్చు. తన తల నిమిరిన చెయ్యి ఎంత చల్లగా ఉందో అప్పుడు గుర్తొచ్చింది.

“నొప్పి ఆగనప్పుడే నాకు ఎదుటివాళ్ళ మీద ప్రేమ పొంగుకొస్తుందే పిల్లా” అన్నారు తాతారావుగారు మెల్లిగా. “చెబితే మీరు బెంబేలెత్తిపోతారు. అందుకని తిన్నావా, మీ ఆయన వచ్చాడా అని మీ సంగతులడుగుతూ కూచుంటా. మీరు చెబుతూ ఉంటే నా మీంచి చూపు పక్కకి పోతుంది.”

“మరి మీరు నెలరోజుల నుంచి...”

“నా సంగతి తరవాత. ముందు పరిగెత్తు.”

ఆటోలో కూర్చునే అంబులెన్సుకి ఫోన్ చేసింది. వంతెన దిగి చూస్తే సంతోషమ్మ బండి దగ్గరే ఉంది. ఒక చేత్తో అట్లకాడ పట్టుకుని, ఇంకో చెయ్యి బండి మీద ఆనించి అట్టు తిరగేస్తోంది. మొహం బూడిదరంగులో ఉంది.

“అప్పుడే వచ్చేశావేంటే తల్లీ? ఆకలేస్తోందా?”

సువార్త పొయ్యి ఆర్పేసింది. అత్తని స్టూలు మీద కూర్చోబెట్టి మణికట్టు పట్టుకుంది. నాడి సన్నగా, తడబడుతూ కొట్టుకుంటోంది. మెడ వెనక చల్లటి చెమట. “అత్తా, నా మొహం చూసి చెప్పు. గుండెల మీద బరువుగా ఉందా?”

“ఏం లేదే. నాకేం పర్లేదు.”

“అత్తా!”

“నిన్నట్నించీ ఉంది” అంది సంతోషమ్మ చిన్నపిల్లలా. “నీకు పరీక్ష కదా అని...”

అంబులెన్సు వాళ్ళు ఎక్కిస్తుంటే కూడా ఆవిడ, బెంచీ మీద కూర్చున్న రిక్షా అతన్ని అల్లంపచ్చడి చాలిందా బాబూ అని అడుగుతూనే ఉంది. ఆసుపత్రిలో గుండె నాళంలో అడ్డు తీసి బయటికి వచ్చిన డాక్టరు, ఇంకో పూట ఆగివుంటే మాట వేరుగా ఉండేదని చెప్పాడు. ఎవరు కనిపెట్టారని అడిగాడు.

మర్నాడు ఉదయం ఆమె బడికి వెళ్ళేసరికి వార్డులో ఇంకా ఎవరూ రాలేదు.

“అత్త ఎలా ఉంది?” అన్నారు తాతారావుగారు.

“తిడుతోందండీ. ఆసుపత్రి కాఫీ కుడితిలా ఉందంట. నర్సు సూది గుచ్చడం చేతకానిదంట.”

“అయితే గట్టెక్కినట్టే.”

సువార్త స్టూలు లాక్కుని ఆయన మొహం ఎదురుగా కూర్చుంది. “మీరెందుకు తిట్టడం మానేశారు?”

“వయసు మీద పడలా? ఓపిక లేదు.”

“ఎంత నొప్పి తాతగారూ?”

“నాకేం పర్లేదమ్మా.”

నిన్న బండి దగ్గర విన్నది అదే మాట, అదే గొంతు కాకపోవచ్చు గానీ. ఆమె కదలకుండా కూర్చుంది. ఈసారి ఆయన మాట మార్చడానికి చూశారు, యోనా గురించి అడిగారు, ఆమె జవాబివ్వలేదు. చివరికి ఆయనే చూపు దించుకున్నారు.

“పగ్గాలు నా దగ్గరే ఉన్నాయి కదే. జబ్బు ఆగాలంటే ఆగుతుంది. బయటికి రావాల్సింది లోపలే ఉండిపోతుంది, అంతే. మీరు భయపడితే నేను తప్పు చేసినట్టు ఉంటుంది. మీరు నవ్వితే నా పని బాగా చేసినట్టు ఉంటుంది. నన్ను అలాగే చేశారు.” ఆమె చెయ్యి పట్టుకున్నారు. “ఎవరికీ చెప్పకు. పరీక్ష ఈ మంచం మీదే. రోగిని నేనే. నీకు ఆఖరిసారి. నువ్వు పాసవుతావు, నేను చూసుకుంటాను.”

ఆయన చూసుకుంటారనడంలో సువార్తకి అనుమానం లేదు. నోరు మూసుకుంటే చాలు. లైసెన్సు వస్తుంది, ఉద్యోగం వస్తుంది, గుండె జబ్బుతో ఇంటికొచ్చే అత్తకి పెనం ముందు నిలబడే అవసరం ఉండదు. ఎవరికీ అన్యాయం చేసినట్టు కూడా కనబడదు. ఇంతకుముందెప్పుడూ ఏదీ ఆమెకి ఇంతగా కావాలనిపించలేదు.

ఆయన చెయ్యి ఆమె చేతిలోనే ఉంది. వెచ్చగానే ఉంది, నాడి నిలకడగానే ఉంది. చూడాలి, తేల్చుకోవాలి, ముందు చెయ్యాల్సింది ముందు చెయ్యాలి. ఎన్నిసార్లు అప్పజెప్పిందో ఆ వరస. ఈ బ్యాచ్ అమ్మాయిలంతా రేపు ఆసుపత్రులకి వెళ్తారు. మంచం మీద ఏ సంతోషమ్మో తిన్నావా తల్లీ అంటే మురిసిపోయి పక్క మంచానికి వెళ్ళిపోతారు. అదంతా రేపటి సంగతి. ఇవాళ, ఈ మంచం మీద ఒక మనిషి బాధపడుతూ బాధ లేదంటున్నాడు. అది ఆమె కనిపెట్టింది. కనిపెట్టి కూడా ఊరుకోవడం ఎలాగో పుస్తకంలో ఎక్కడా లేదు.

సువార్త లేచి అద్దాల గదికి వెళ్ళింది.

భార్గవి మొదట నమ్మలేదు. “అంకెలన్నీ బాగున్నాయి సువార్తా. అందరికీ మార్కులు పెరిగాయి” అంది. తరవాత, చూద్దాం అని మంచం దగ్గరికి వచ్చి, పగ్గాలు ఆయన చేతిలోంచి తీసేసింది.

అప్పటికి అమ్మాయిలు ఒక్కొక్కరే వస్తున్నారు. వాళ్ళ కళ్ళముందే తాతారావుగారి ఒళ్ళు విల్లులా వంగింది. నెల రోజులపాటు ఆపుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చింది. తెర మీద ఉన్న గుర్తులన్నీ ఎర్రబడ్డాయి, దిండంతా తడిసిపోయింది, కమ్మీ పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. ఆయన పెద్దగా అరవలేదు. “అమ్మా” అని ఒకే మూలుగు. దొంగమూలుగని ఎవరూ నవ్వలేదు. “ఆ పిల్లల్ని బయటికి పంపండి, భయపడతారు” అన్నారు పళ్ళ బిగువున.

భార్గవి నొప్పి ఆపేసింది. ఆపేసి, స్టూలు మీద కూలబడింది. “మీకు ధైర్యం పెరగాలని చెప్పాను. అదొక్కటే కదా చెప్పాను” అంది, ఎవరితోనో తెలియకుండా.

ఆ మధ్యాహ్నమే నిర్ణయం అయిపోయింది. అమ్మాయిల దగ్గర ఆయన నేర్చుకున్నదంతా తుడిచేసి, మొదట్లో ఎలా ఉన్నారో అలా చెయ్యాలి. ఈ నెల మార్కులన్నీ రద్దు. పరీక్షదాకా మిగిలిన కొద్దిరోజుల్లో మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. నాగలత పూలు తీసి చెత్తబుట్టలో పడేసింది. “నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేది?” అంది సువార్తతో. తన సొమ్మే అందరికన్నా ఎక్కువ పోయిందని చెప్పినా ఎవరూ వినేలా లేరు.

“ఒక్కటి చెయ్యండి మేడం. నొప్పి తిరిగి పెట్టకండి” అని అడిగింది భార్గవిని.

“లేకపోతే మొహం అబద్ధమైపోతుంది సువార్తా.”

“అబద్ధమే కానివ్వండి. మేం చూడటం నేర్చుకుంటాం. మా చదువు కోసం ఆయన అంత పడక్కర్లేదు. అంకె అన్నారు మీరు. ఆ అంకె తగ్గితే బాగుండునని ఆయన కోరుకునేట్టు చేసింది కూడా మీరే కదండీ.”

భార్గవి సరేనంది.

తుడిచేసే ముందు సువార్తని ఒకసారి మంచం దగ్గరికి వెళ్ళనిచ్చారు. ఏం చెప్పుకోవాలో ఆమె దారిపొడుగునా అనుకుంటూ వెళ్ళింది. ఆయన ఆమెని చూడగానే ఇంతెత్తున లేచారు.

“నీకు బుద్ధుందా? చెప్పొద్దని చెప్పానా? నెత్తీ నోరూ కొట్టుకున్నానా? ఆఖరిసారి కదే దరిద్రప్పిల్లా! చేతికొచ్చిందాన్ని కాలదన్నుకున్నావు కదే! ఇంకా ఏం చూస్తున్నావు, ఆ ఫ్యాను ఆపు, చెవులు పగిలిపోతున్నాయి!”

నొప్పి లేదు. ఆయనకి ఎక్కడా ఏ నొప్పీ లేదు. సువార్త ఫ్యాను ఆపింది, దిండు సర్దింది, ఆయన తిట్లన్నీ నిలబడి విన్నది. నవ్వుతూనే ఉంది, కళ్ళనీళ్ళు మాత్రం ధారగా కారిపోతున్నాయి. ఆయన్ని మళ్ళీ ఈ జన్మలో చూడబోనని ఆమెకి తెలుసు. ఆ మొహం అక్కడే ఉంటుంది, ఈ మనిషి ఉండడు.

మంచం పరీక్ష రోజున పై ఊరినుంచి ఒక పరీక్షాధికారిణి వచ్చింది. కళ్ళజోడు, గట్టిగా ముడేసిన జుట్టు, మొహంలో ఏ భావమూ లేని మనిషి. సువార్త పేరు పిలిచారు. ఆమె వెళ్ళి నాలుగో మంచం పక్కన నిలబడింది.

“ఎవరే నువ్వు? చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. మళ్ళీ ఉప్మాయేనా?” అన్నారు తాతారావుగారు.

ఆయన కళ్ళలో ఆమె ఎక్కడా లేదు. అది ఆమెకి ముందే తెలుసు. “ఉప్మాయేనండి తాతగారూ” అని పని మొదలుపెట్టింది. ఆపరేషన్ అయిన రెండోరోజు. బీపీ ఉండాల్సినంతే ఉంది. జ్వరం లేదు. గాయం మీద కట్టు పొడిగా ఉంది. ఆయన దిండుని తిట్టారు, ఫ్యానుని తిట్టారు, పక్కమంచం వాడిని తిట్టారు. ఆమె ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. అంతా బాగానే ఉందని చెప్పి ముగించవచ్చు, పోయిన రెండుసార్లు చేసిందీ అదే.

“పాపం పొద్దున్నించీ నిలబడే ఉన్నావు” అన్నారు తాతారావుగారు. “నువ్వు తిన్నావా అమ్మా?”

సువార్త చేతిలో దుప్పటి అంచు ఆగిపోయింది.

దుప్పటి పూర్తిగా తీసేసింది. మెడ వెనక చెయ్యిపెట్టి చూసింది, సన్నటి చల్లటి తడి. నాడి మళ్ళీ లెక్కపెట్టింది, ఇందాకటి కంటే కొంచెం హెచ్చింది, కొంచెమే. తొడ కింద చెయ్యి పోనిచ్చింది. కట్టు పైన పొడిగానే ఉంది గానీ కింద, పరుపు వైపు, చెయ్యి తడిసి ఎర్రగా వచ్చింది. మీట నొక్కి డాక్టరుని పిలిచింది. కట్టు మీద అదిమి పట్టుకుని, కాళ్ళవైపు ఎత్తు చేసి, “తాతగారూ, నా సంగతి సరే, మీ సంగతి చెప్పండి” అంది.

అంతా అయ్యాక పరీక్షాధికారిణి దగ్గరికి వచ్చింది. “అంకెలన్నీ బాగున్నప్పుడు దుప్పటి తీశావు. దేన్ని బట్టి?”

“తిన్నావా అని అడిగారండి.”

“దానికేం?”

“అప్పటిదాకా తిడుతున్నారు కదండీ. మా వైపు పెద్దాళ్ళు నొప్పి ఎక్కువైతే చెప్పరు. మనల్ని పలకరిస్తారు.”

“ఈ సంగతి ఎవరు నేర్పారు?”

సువార్త మంచం వైపు చూసింది. కట్టు మార్చేసరికి తాతారావుగారు మళ్ళీ ఫ్యాను మీద పడ్డారు. “ఒక తాతగారండీ” అంది. ఆవిడ ఏదో రాసుకుని వెళ్ళిపోయింది.

బయట వరండాలో భార్గవి ఆమె కోసం నిలబడి ఉంది. “నొప్పి నేను తిరిగి పెట్టలేదు, ఆ మాట కూడా నేను పెట్టలేదు, నమ్ము. నువ్వు ఏడ్చిన రోజు నుంచి ఆయన నేర్చుకున్నదంతా తుడిచేశాను” అంది. “ఆ పలకరింపు అంతకు ముందుదే. ఆసుపత్రుల్లో రికార్డు చేసుకొచ్చిన మాటల్లోనే ఉంది. ఆ ముసలాళ్ళంతా నన్ను కూడా అడిగారు, తిన్నావా అమ్మా అని. నేనేమో ఎంత మంచివాళ్ళో అనుకుంటూ తిరిగాను.” అని అద్దంలోంచి నాలుగో మంచం వైపు చూస్తూ ఉండిపోయింది.

సువార్తకి లైసెన్సు వచ్చింది, నాగలతకి కూడా వచ్చింది. ఇద్దరు అమ్మాయిలకి రాలేదు, వాళ్ళు సువార్తతో మాట్లాడరు. పెసరట్ల బండి ఇప్పుడు వేరే ఆవిడ నడుపుతోంది. సంతోషమ్మ సాయంత్రంపూట బెంచీ మీద కూర్చుని, పిండి పలచనైందనీ అల్లం చాలలేదనీ ఆ మనిషిని ఊపిరి తీసుకోనివ్వదు. డ్యూటీ నుంచి వచ్చిన కోడలు తెల్లచీరతో అటు వెళ్తే, “ఇంత పొద్దుపోయిందాకా ఏం ఉద్యోగమే అది? ఆ చీర ఎలా నలిపేసుకున్నావో చూడు” అంటుంది.

ఎప్పుడో ఒకనాడు మాత్రం, ఏం గుర్తొస్తుందో, “తిన్నావా తల్లీ?” అంటుంది. సువార్త చెప్పులు కూడా విప్పకుండా వచ్చి ముందు ఆవిడ మణికట్టు పట్టుకుంటుంది.

“ప్రేమగా పలకరించినా తప్పేనా ఈ కొంపలో! వదులు చెయ్యి! నర్సువైతే నీ ఆసుపత్రిలో నర్సువి, నా దగ్గర కాదు!”

సువార్త నాడి పూర్తిగా లెక్కపెట్టి, అప్పుడు వదులుతుంది. అత్త తిట్లు ఇంకా సాగుతుండగానే కంచం పెట్టుకుని అన్నానికి కూర్చుంటుంది.